సెల్లార్‌లో రోలర్ నేర్పిన మేడమ్

మా డ్రిల్లు మేడమ్ పోయారన్న మెసేజ్ అపార్ట్‌మెంట్ గ్రూపులోకి ఉదయం తొమ్మిదింటికే వచ్చిందట. నేను చూసింది మధ్యాహ్నం ఒంటిగంటకి. మా కాలేజీలో క్లాసులు నడిచినంతసేపూ లెక్చరర్ల ఫోన్లు ఆఫీసులో ఒక ట్రేలో ఉంటాయి. లంచ్‌లో ఫోన్ చేతికి తీసుకుంటే, "మూడో ఫ్లోర్ మేడమ్‌గారు తెల్లవారుజామున నిద్రలోనే కాలం చేశారు" అని, దాని కింద వరసగా దండాలు పెట్టే బొమ్మలు. ఆ దండాలన్నీ దాటుకుంటూ కిందికి వెళ్లి, మళ్లీ పైకి వచ్చి, ఇంకోసారి చదివాను. ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. లంచ్ డబ్బా మూత పెట్టేసి, మిగిలిన రెండు క్లాసులూ చెప్పి ఇంటికెళ్లాను. సెలవు అడిగితే "మీకేమవుతారు మేడమ్?" అంటారు. ఎదురింటావిడ అంటే ఇవ్వరు. ఇదంతా ముందే లెక్కేసుకుని, అడిగే ఓపిక లేక ఊరుకున్నాను.

నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఇప్పుడున్న కాలేజీలో లెక్చరర్‌కి క్లాసులో కుర్చీ ఉండదు. మొదట ఉండేదట, తీసేశారు. కూర్చుంటే పాఠంలో ఊపు తగ్గుతుందని మేనేజ్‌మెంట్ నమ్మకం. గది మూలన కెమెరా ఉంటుంది కాబట్టి బల్లకి ఆనుకున్నా తెలిసిపోతుంది. పొద్దున ఏడింటికి నిలబడితే సాయంత్రం వరకూ నిలబడటమే, మధ్యలో తిండికీ స్టాఫ్‌రూముకీ పోయిన కాసేపు తప్ప. ఇంటికొచ్చాక కాళ్లు నావి కావన్నట్టు ఉండేవి.

ఆవిడ పరిచయమైంది కూడా ఆ కాళ్ల వల్లే. గుణదలలో మేము ఆ ఫ్లాట్‌లోకి దిగిన కొత్తలో ఒకరోజు లిఫ్ట్ చెడిపోయింది. రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కొక్క మెట్టుకీ రెండు పాదాలూ ఆనిస్తూ దిగుతున్నాను. వెనక నుంచి ఒక గొంతు, "ఎండ్రకాయలాగా దిగుతున్నారేంటండీ?" అంది. తిరిగి చూస్తే ఎదురు ఫ్లాట్ ఆవిడ. అరవై ఎనిమిదేళ్లుంటాయి, పంజాబీ డ్రెస్సు, కాన్వాస్ బూట్లు. మోకాళ్లు అరిగిపోయాయండీ, నరాలు కూడా లాగుతున్నాయి అన్నాను. ఆవిడ మెట్టు మీదే వంగి నా పిక్క పట్టుకుని నొక్కారు. ప్రాణం పోయినంత పనైంది.

"నరం కాదండీ, కండ. మనవాళ్లకి ఒళ్లంతా నరాలే. ఇంత రాయిలాంటి పిక్క మోకాలిని లాగి చంపుతుంటే పాపం మోకాలి మీద నేరం మోపుతున్నారు" అన్నారు. "డాక్టర్ని కలవండి, కాదనను. ఆయన అరగలేదంటే మాత్రం మర్నాడు పొద్దున ఐదింటికి సెల్లార్‌లోకి రండి."

డాక్టరుగారు అరగలేదనే అన్నారు. వెళ్లాను.

ఆవిడ పాతికేళ్ల పైన డెల్టాలో జిల్లా పరిషత్ స్కూళ్లలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. నేను లెక్కల దాన్నని తెలిసిన రోజున తెగ నవ్వారు. "మీ లెక్కలవాళ్లు నా గేమ్స్ పీరియడ్లు ఎన్ని తినేశారో తెలుసా? పోర్షన్ అవ్వలేదు మేడమ్, ఒక్క పీరియడ్ ఇవ్వండి మేడమ్ అని. ఇప్పుడు చూడండి, లెక్కల టీచరే గేమ్స్ పీరియడ్‌కి వచ్చింది" అన్నారు. ఈ మాట మా సెల్లార్‌కి ఎవరు కొత్తగా వచ్చినా వాళ్లకి చెప్పేవారు. నేనూ ప్రతిసారీ నవ్వేదాన్ని.

సెల్లార్‌లో రెండు కార్ల మధ్య ఖాళీలో పట్టా పరిచి ఉండేది. దాని మీద ఒక వింత సామాను. మూరెడు పొడుగున కోసిన బోరు పైపుకి చినిగిపోయిన వ్యాయామం మ్యాట్ చుట్టి, పైన సైకిల్ ట్యూబ్ ముక్కలు బిగించారు. స్కూల్లో కబడ్డీ పిల్లల కోసం తయారుచేసుకున్న రోలరట. దాన్ని నా పిక్క కింద పెట్టి, చేతులు వెనక్కి ఆనించి నడుము కొంచెం పైకి లేపి, కాలు ముందుకీ వెనక్కీ దొర్లించమన్నారు. నేను మా ఇంట్లో చపాతీలు ఒత్తే వేగంతో మొదలుపెట్టాను. ఒళ్లు నొప్పులంటే మాలిష్ చేసే మనిషి కళ్లలో నీళ్లు తిరిగేలా పిసకాలి, అప్పుడే గుణం అని మా అమ్మమ్మ దగ్గర్నుంచీ విన్నదాన్ని. పళ్లు బిగించి రుద్దుతూనే ఉన్నాను.

"పిండి కాదమ్మా అది" అన్నారు. అప్పటికే అండీ పోయి అమ్మా వచ్చింది. "మెల్లగా. ఎక్కడ నొప్పి తగిలిందో అక్కడ ఆగు. ఊపిరి వదులు. కండని బతిమాలాలి గానీ బెదిరించకూడదు. బెదిరిస్తే ఇంకా బిగుసుకుంటుంది, పిల్లలు చూడు, అంతే."

ఆగాను. ఇరవై లెక్కపెట్టమన్నారు. పదిహేను దగ్గర ఏదో ముడి కొంచెం వదిలినట్టు అనిపించింది. అది వదలడం కంటే, ఇన్నేళ్లలో నా కాలి దగ్గర నేను ఒక్కసారైనా ఆగలేదన్న సంగతి నన్ను ఎక్కువ కదిలించింది. పట్టా మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ రెండో కాలు మార్చుకోమన్నారు, అంతే.

అయినా నేను వెంటనే మారిపోయానని కాదు. మూడో రోజు ఆవిడ చూడనప్పుడు తొడ పక్కన బలం కొద్దీ రుద్దేసుకుని, నల్లగా కమిలిపోయి, వారం రోజులు చీర కుచ్చిళ్లు తగిలినా అబ్బా అనుకున్నాను. ఆవిడకి తెలిసి కోప్పడ్డారు. మోకాలి వెనక గుంటలో రోలర్ పెట్టకూడదు, కాలి ముందెముక మీద పెట్టకూడదు, వాపు ఉంటే అసలు దగ్గరికే తేకూడదు. ఇవన్నీ మా చేత అప్పజెప్పించుకునేవారు. రెండో ఫ్లోర్ పిన్నిగారు ఒకరోజు ఒక పిక్క ఎర్రగా వాచి వేడిగా ఉంటే రోలర్ కోసం వచ్చారు. మేడమ్ రోలర్ ముట్టుకోనివ్వకుండా, అప్పటికప్పుడు ఆటో పిలిచి, అదే బూట్లతో ఆవిడతోపాటు ఎక్కి ఆసుపత్రికి తీసుకెళ్లారు. "ఇది నా పని కాదు, డాక్టరు పని. ఏది మన పని కాదో తెలియడం కూడా చదువే" అన్నారు తిరిగొచ్చాక. పిన్నిగారికి రక్తం గడ్డకట్టిందని మందులిచ్చారు, ఇప్పుడు బాగానే ఉన్నారు.

దొర్లించడం అయ్యాక లేచి వెళ్లిపోతామంటే ఒప్పుకునేవారు కాదు. "మెత్తబడింది సరే, నిద్రలేపొద్దూ? ఇప్పటిదాకా కండని అడిగాం. ఇప్పుడు చెప్పాలి" అనేవారు. కారు బానెట్ మీద చేతులు ఆనించి మడమలు ఎత్తి దించడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం. పిరుదులు పనిచేయడం మానేస్తే ఆ బరువంతా పిక్కల మీద పడుతుందట. "మీ స్టాఫ్‌రూములో ఒకళ్లు ఎగ్గొడితే వాళ్ల క్లాసులు నీ మీద పడవూ? ఒంట్లోనూ అదే" అన్నారు. పిరుదుల్ని స్టాఫ్‌రూముతో పోల్చిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

కొండపల్లిలో ఉండే వాళ్లమ్మాయి ఒకసారి ఆన్‌లైన్‌లో అసలైన ఫోమ్ రోలర్ కొని పంపింది. నీలం రంగు, తేలిగ్గా ఉంటుంది. మేడమ్ దాన్ని రెండు రోజులు నమ్మలేదు. వేలితో నొక్కి చూసి, "దిండులాగుంది" అన్నారు. తర్వాత కొత్తగా వచ్చేవాళ్లకి అది ఇచ్చి, ముదిరిన పిక్కలవాళ్లకి పైపు ఉంచారు. నేను పైపు బ్యాచ్.

నాలుగైదు నెలలకి మెట్లు ముందుకే దిగుతున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద పడిపోకుండా వంట చేయగలుగుతున్నాను. ఆ ఉత్సాహంలో ఒక తెల్లవారుజామున మేడమ్‌తో గొప్పగా చెప్పాను. "మీ రోలర్ పుణ్యమా అని ఇంకో సెక్షన్ కూడా తీసుకున్నానండీ. ప్రిన్సిపాల్‌గారు అడిగితే సరేనన్నాను."

ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. చేతిలో ఉన్న పైపుని గోడకి నిలబెట్టారు.

"అంటే నేను నీ కాళ్లు బాగుచేసి వాళ్లకి అప్పజెబుతున్నానన్నమాట" అన్నారు.

"అలా కాదండీ."

"మరెలా? కుర్చీ అడిగావా ఎప్పుడైనా?"

అడగలేదు. ఎందుకు అడగలేదో ఆవిడకి చెప్పాను. మావారు పనిచేసే కంపెనీ మూతపడి ఏడాదైంది. ఇంట్లో ఉన్నది నా జీతం ఒక్కటే. మా కాలేజీలో నలభై ఐదు దాటిన వాళ్లం ముగ్గురమే మిగిలాం. ఇరవై నాలుగేళ్ల పిల్లలు వచ్చి నిలబడతాం అంటుంటే, నేను వెళ్లి కూర్చుంటాను అంటే వచ్చే ఏడు నన్ను రమ్మంటారా? ఆవిడ అంతా విన్నారు.

"నేను కాళ్లకి చెప్పగలను గానీ మీ ప్రిన్సిపాల్‌కి చెప్పలేను. అది నువ్వే చెప్పాలి. అడిగి రా. ఇవ్వకపోతే పోనీ, అడిగినా చాలు. అప్పటిదాకా నీకు నేర్పను" అన్నారు.

నిజంగానే నేర్పలేదు. నాలుగు రోజులు సెల్లార్‌కి వెళ్లాను. మిగతా వాళ్లతో బాగానే ఉన్నారు, నన్ను చూసి "అడిగావా?" అనేవారు. తల అడ్డంగా ఊపితే పైపు ఇచ్చేవారు కాదు. నాకు ఒళ్లు మండింది. పెన్షన్ వచ్చే మనిషికేం తెలుసు అనుకున్నాను. ఆ నాలుగు రోజులూ క్లాసులో పిక్కలు మళ్లీ గుంజడం మొదలుపెట్టాయి. ఐదో రోజు మెట్లు దిగుతూనే నిర్ణయించుకున్నాను. ఆవిడ అడగకముందే చెప్పేశాను.

"ఇచ్చారండీ."

"ఏంటి?"

"కుర్చీ."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "చేతులున్నదేనా?" అన్నారు. ఉన్నదేనండీ అన్నాను. "ప్లాస్టిక్‌దా, ఇనపదా?" ప్లాస్టిక్‌దండీ, ఎర్రది అన్నాను. ఎర్రది అని ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం సున్నుండలు చేసి స్టీలు గిన్నెలో పట్టుకొచ్చారు. వాచ్‌మన్ భార్యకి కూడా రెండు ఇచ్చి, "మా లెక్కల మేడమ్ కాలేజీలో కుర్చీ సాధించింది" అని చెప్పారు. 

మర్నాటి నుంచి పైపు మళ్లీ నా పిక్క కిందికి వచ్చింది. ఆవిడ పక్కన కూర్చుని, ఎప్పటిలాగే, నేను ఆగిన చోట వేలుపెట్టి చూసేవారు. మొదటి రోజు వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచారు. ఏదో అంటారనుకున్నాను. "ఊపిరి వదులు" అన్నారు. ఆ తర్వాత రెండేళ్లలో కుర్చీ మాట ఆవిడ ఒక్కసారి కూడా ఎత్తలేదు. మర్చిపోయారనుకుని నేను హాయిగా ఉన్నాను. నిజం చెప్పాలంటే హాయిగా ఏమీ లేను, అలిసిపోయి ఉన్నాను. అలిసిపోయిన మనిషికి అబద్ధం మొయ్యడం పెద్ద బరువుగా అనిపించదు, ఉన్న బరువుల్లో అదొకటి.

ఆవిడ పోయిన సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ఆవిణ్ని వాళ్ల హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. దూరప్రయాణంలో ఉన్న వాళ్లమ్మాయి వచ్చేదాకా ఆపారు. కాళ్ల దగ్గర నిలబడ్డాను. బొటనవేళ్లు రెండూ కలిపి తెల్ల గుడ్డ పేలికతో కట్టారు. కూర్చున్నా పాదం తిప్పుతూనే ఉండే మనిషి ఆవిడ, టీవీ చూస్తూ కూడా మడమలు ఎత్తి దించేవారు. ఆ ముడి వంక చూడలేక వెనక్కి వచ్చేశాను. మా సెల్లార్ బ్యాచ్ ఆరుగురం గోడవార నిలబడ్డాం.  రెండో ఫ్లోర్ పిన్నిగారు, "నన్ను ఆటోలో తీసుకెళ్లింది, తను ఎవరినీ పిలవకుండా వెళ్లిపోయింది" అని అంటూనే ఉన్నారు.

పదకొండో రోజు భోజనాలు సెల్లార్‌లోనే పెట్టారు. కార్లు బయట పెట్టించి, బల్లలు వేసి, అరటాకులు పరిచారు. నేను కూర్చున్న చోటు సరిగ్గా పట్టా పరిచే చోటే. వాళ్లమ్మాయి వడ్డిస్తూ వచ్చి, నా పక్కన ఖాళీ అయ్యాక కూర్చుంది. నా కంటే నాలుగైదేళ్లు చిన్నది, వాళ్లమ్మలాగే పొడుగు.

"పైపు మీరు తీసుకోండక్కా. అమ్మ మీకే ఇమ్మనేది" అంది.

సరేనమ్మా అన్నాను. ఆ అమ్మాయి లేవలేదు.

"ఒక మాట అంటాను, ఏమనుకోకండి. మీకు కుర్చీ ఇవ్వలేదని అమ్మకి తెలుసు."

నా చెయ్యి ఆకులోనే ఆగిపోయింది.

"ఆ మర్నాడే తెలిసిందంట. కూర్చునే మనిషి పిక్కలు అలా ఉండవు అంది నాతో ఫోన్లో. మరి అడగొచ్చుగా అమ్మా అంటే, పాపం అబద్ధం చెప్పడానికి ఎంత భయపడిందో, ఇంక నేను కూడా భయపెడితే ఎక్కడికి పోతుంది అంది. నాలుగు రోజులు దాన్ని నొప్పితో ఉంచాను, నాదే తప్పు అని చాలాసార్లు అనుకుంది."

పెరుగు వడ్డించడానికి ఎవరో వస్తే చెయ్యి అడ్డం పెట్టాను. ఆ వేలు నా పిక్క మీద కాసేపు ఆగిన పొద్దు గుర్తొచ్చింది. ఆ వేలికి అంతా తెలిసిపోయిందన్నమాట. రెండేళ్లు రోజూ అబద్ధం ఆడే కాలిని పట్టుకుని, ఊపిరి వదులు ఊపిరి వదులు అంటూ మెత్తన చేస్తూనే ఉన్నారు. నా మీద నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కూడా వచ్చింది. ఒక్క మాట తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

సోమవారం ఇంటర్వెల్‌లో ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. ధైర్యం వచ్చి వెళ్లలేదు. వెళ్లకుండా ఉండే ఓపిక కూడా అయిపోయింది. క్లాసులో కుర్చీ కావాలి సార్, పిల్లలు లెక్క చేసుకుంటున్నప్పుడు ఐదు నిమిషాలు కూర్చుంటాను అన్నాను. ఆయన కంప్యూటర్ మీంచి తల ఎత్తి, "ఒంట్లో బాలేదా మేడమ్?" అన్నారు. బాగానే ఉందండీ, కాళ్లు నొప్పి అన్నాను. కాసేపు పెన్ను తిప్పారు. "మీకిస్తే అందరూ అడుగుతారు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు మరి" అన్నారు. నేను అక్కడే నిలబడ్డాను. నిలబడటం నాకు బాగా వచ్చిన పని. చివరికి, "సరే, ఒక్క గదిలో వేయిస్తాను. కూర్చుని పాఠం చెప్పకండి, రిజల్టు తగ్గితే నన్నడుగుతారు" అన్నారు. వచ్చే ఏడు నన్ను ఉంచుతారో లేదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మూడు రోజులకి కుర్చీ వచ్చింది. తెల్లది, ఒక చెయ్యి విరిగింది. పిల్లలకి ఒక లెక్క ఇచ్చి వెళ్లి కూర్చున్నాను. అరవై మంది తలలెత్తి చూశారు. ఎవరో ముందు బెంచీలో, "మేడమ్, బాగానే ఉన్నారా?" అన్నారు. బాగానే ఉన్నాను, లెక్క చెయ్యండి అన్నాను. రెండు నిమిషాలకంటే కూర్చోలేకపోయాను. కెమెరా వైపు చూడకుండా ఉండటమే సరిపోయింది. మర్నాడు నాలుగు నిమిషాలు కూర్చున్నాను.

ఆ గదిలో నా తర్వాత పీరియడ్ ఫిజిక్స్. అది చెప్పే అమ్మాయి ఈ ఏడే చేరింది, పాతికేళ్లు కూడా ఉండవు. నేను బయటికి వస్తుంటే గుమ్మంలో ఎదురై, లోపలికి చూసి, "కుర్చీ ఎవరిదండీ?" అంది.

"క్లాసుది. కూర్చోమ్మా, ఏం కాదు" అన్నాను.

"అలాగేనండీ" అంది.

రిజిస్టరు మర్చిపోయి పది నిమిషాల తర్వాత వెనక్కి వెళ్లాను. తలుపు సగం తీసి ఉంది. కుర్చీలో ఆ అమ్మాయి హ్యాండ్‌బ్యాగు ఉంది. తను బోర్డు పక్కన నిలబడి, కుడికాలి చెప్పు విప్పేసి, ఆ పాదంతో ఎడమ పిక్కని రుద్దుకుంటూ పాఠం చెబుతోంది.